రాహేలవ్వ మడిచిన పొగ

పొద్దు వాలే వేళకు మిషన్ కాలనీలో ఎవరి పని వాళ్లకుంటుంది. ఒకామె మేకలను కట్టేస్తుంటుంది. ఒకామె కుళాయి కింద బిందె పెట్టి పక్కింటామెతో మాట్లాడుతుంటుంది. మాబున్ని బజ్జీల బండి కోసం ఉల్లిగడ్డలు తరుగుతుంటుంది. రాహేలవ్వ పొగ మడతపెడుతుంటుంది.

కాలనీ ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు మీద ఉంది. దానికి పడమర పక్క, చెనక్కాయ చేలకు అవతల, బ్లీచింగు పొడి చేసే ఫ్యాక్టరీ. చలికాలం వచ్చిందంటే ఆ ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే పొగ పైకి పోదు. కాసేపు గొట్టం మూతి కాడ తచ్చాడి, మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్లు దిగినట్టు నిదానంగా కిందికి దిగి, చేల మీదుగా పాకి, ఇళ్ల మధ్యకు వస్తుంది. నిమ్మపండు రంగులో ఉంటుంది. నీళ్ల ట్యాంకులో మందు ఎక్కువ పడిన రోజు కుళాయి కాడ వచ్చే వాసనే, కాకపోతే గొంతులో గీరుతుంది.

రాహేలవ్వ వాకిట్లో నిలబడి దాని అంచు వెతికి పట్టుకుంటుంది. రెండు మూలలు వేళ్ల మధ్య ఇరికించి, ఒకసారి దులిపి, నడుమ భాగాన్ని గడ్డం కింద అదిమిపెట్టి, చేతులు చాచి సగానికి మడుస్తుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తుంది. మోచేతి మీద వేసుకుని, ముడతలు పోయేలా అరచేత్తో నిమిరి, కొంగు పైకి వచ్చేటట్టు ఆఖరి మడత వేస్తుంది. పొగకు కొంగెక్కడిదని ఎవరూ అడగలేదు. ఆమె ఏ పక్క పైకి పెడితే అదే కొంగు. దాన్ని తీసుకుపోయి ఇనప ట్రంకు పెట్టెలో పెడుతుంది. మడత సరిగ్గా కుదిరితే వాసన బయటికి రాదు.

"అవ్వా, మా ఇంటి ముందర గూడా ఒక తాను పడింది. వచ్చి మడిచి పోరాదూ?" అని మాబున్ని కేకేస్తుంది.

"నిన్న నీ బజ్జీల్లో ఉప్పు ల్యా. ముందు అది సరిజెయ్."

"ఉప్పు సరిగ్గానే ఏసినా. నీ నాలికే ఆ పొగకు సచ్చిపోయింది."

"నాలిక సస్తే నీతో ఇన్ని మాటలు ఎట్ల మాట్లాడతాండా?"

ఈ పని ఆమెకు కొత్తగా ఎవరూ నేర్పలేదు. పెండ్లయిన ఏడాదే ప్రొద్దుటూరు బజారులో లక్ష్మీనరసయ్య సెట్టి బట్టల అంగట్లో చేరి, మోకాళ్లు మొరాయించేదాకా అక్కడ చీరలు మడిచింది. బేరానికి వచ్చినవాళ్లు పొద్దున్నుంచి విప్పి గుట్టపోసిపోయిన చీరలన్నీ అంగడి మూసేలోపల మళ్లీ అరల్లోకి పోవాలి. పెట్టెలోంచి తీసినదానికీ పదిమంది విప్పి చూసినదానికీ తేడా తెలియకూడదు. అది సెట్టి పట్టుదల. ఆమె కొడుకు ఫిలిప్ బ్లీచింగు ఫ్యాక్టరీలో పనికి చేరిన కొన్నాళ్లకు పొగ మొదటిసారి వాకిట్లోకి వచ్చింది. చేతికి తగిలింది కాబట్టి మడిచింది. అంతే.

ఇప్పుడామెకు చాలా సంగతులు జారిపోతున్నాయి. అన్నం తిన్నదీ లేనిదీ, ఆదివారం అయిపోయిందీ రాబోయేదీ తెలియడం లేదు. తెల్లవారి లేవగానే ప్రార్థనలో ఇంట్లోవాళ్ల పేర్లన్నీ దేవుడికి ఒప్పజెబుతుంది. తాను మరిచినా ఆయన దగ్గర ఉంటాయని. తల ఎక్కడెక్కడో తిరుగుతున్నా, చేతులు మాత్రం ఇంకా అంగట్లోనే ఉన్నాయి.

ఈ చలికాలం ఆ చేతుల మీద కూడా ఆమెకు నమ్మకం తగ్గింది. సగం మడత దాకా సాఫీగానే పోతుంది. ఆ తర్వాత చేతిలో ఉన్న మూల కుడిదా ఎడమదా, దీన్ని దేనితో కలపాలి, అసలు వాకిట్లోకి ఎందుకొచ్చినట్టు అని నిలబడిపోతుంది. అట్లా నిలబడిన కాసేపట్లో పొగ వేళ్ల సందుల్లోంచి జారి ఇంట్లోకి పోతుంది.

ఇంట్లో కోడలు జాస్మిన్ ఉంటుంది. ప్రొద్దుటూరు అంగళ్ల నుంచి చీరలు తెచ్చుకుని ఫాల్స్ కుట్టి ఇస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే వెనక వరసలో కునుకుతున్న ముసలాయన కూడా సర్దుకుని కూర్చునేవాడు. ఇప్పుడు మొదటి చరణం పాడితే రెండో దానికి ఊపిరి అందదు.

ఒక సాయంత్రం రాహేలవ్వ మడత మధ్యలో నిలబడిపోయింది. లోపల కుట్టు మిషను చప్పుడు ఆగింది. దగ్గు మొదలైంది. ఎంతకీ ఆగని ఆ దగ్గు విని మాబున్ని పొయ్యి మీద నూనె మూకుడు అట్లే వదిలేసి పరిగెత్తుకొచ్చి ఆటో పిలిచింది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో జాస్మిన్ ముక్కుకు మాస్కు తగిలించి గాలి పట్టారు.

"మందులు నేనిస్తానమ్మా. గాలి నేనివ్వలేను కదా," అన్నాడు డాక్టరు. "ఆ కాలనీ వదిలిపెట్టండి. ఇంకో చలికాలం అక్కడే ఉంటే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవు."

ఇంటికి వచ్చాక ఫిలిప్ మంచం అంచున కూర్చుని, "మీ అన్న పులివెందులలో ఇల్లు చూస్తానన్యాడు కదా. కోత పండగ కానిచ్చి పోదాం," అన్నాడు.

"అత్త?"

"అమ్మ గూడా మనతోనే వస్తాది. ఈడ ఒక్కతే ఎట్లుంటాది?"

"పోయినసారి పిల్చుకపోతే ఏమయిందో మరిచినావా?"

మరిచేదెట్లా? పులివెందులలో జాస్మిన్ అన్న ఇంట్లో రాహేలవ్వ పొద్దున్నే లేచి, స్నానాలగది అనుకుని వీధి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి బస్టాండులో దొరికింది. లక్ష్మీనరసయ్య సెట్టి అంగడికి దారేదని వచ్చేపోయేవాళ్లను అడుగుతోంది. ఫిలిప్ పోయి చెయ్యి పట్టుకుంటే, "ఎవరి పిల్లోడివి నాయనా నువ్వు? వదులు, నాకు ఆలస్యమయితే సెట్టి అరుస్తాడు," అంది. తిరిగి తెచ్చి కాలనీలో దించగానే నేరుగా వంటింట్లోకి పోయి ఉప్పు డబ్బా తీసింది. ఈ ఇంట్లో గోడలు ఆమెకు దారి చెబుతాయి. వేరే ఇంటి గోడలు ఆమెతో మాట్లాడవు.

పక్క గదిలో రాహేలవ్వ దుప్పటి కప్పుకుని అంతా వింటోంది. ఇక్కడే ఉంటే కోడలి ఊపిరి పోతుంది. పోతే తానే తప్పిపోతుంది. మధ్యలో ఇంకో దారి ఉందేమోనని వెతికింది. వెతుకుతుండగా ఏం వెతుకుతోందో మరిచిపోయింది. భయం మాత్రం అట్లే మిగిలింది.

"దారి ల్యాక కాదు," అంటోంది అవతల జాస్మిన్. "ఆ టవరు నీ చేతిలోనే ఉంది కదా."

ఫిలిప్ పని టవరు కాడ. ఫ్యాక్టరీలో పుట్టిన గ్యాసు గొట్టంలోకి పోయేముందు ఆ టవరులోకి వస్తుంది. పైనుంచి సోడా నీళ్లు వానలా కురిసి దాన్ని కడుగుతాయి. కడిగిన గాలి పైకి పోతే ఎవరికీ ఏమీ కాదు. మోటార్లు ఆపితే కడగని గాలి అట్లే బయటికి పోతుంది. కరెంటూ సోడా మిగులుతాయని పొద్దు వాలగానే ఆపమంటారు. ఆపే స్విచ్చి ఫిలిప్ చేతికిందే ఉంటుంది.

"నేను ఆపకపోతే ఇంకొకడు ఆపుతాడు. నన్ను గేటు బయట నిలబెడతారు. నీ మందులు యాడ్నుంచి వస్తాయి?"

"బాగుంది. నువ్వు టవరు ఆపు, నేను దగ్గుతా, మీయమ్మ మడుస్తాది. తలా ఒక పని. సంసారమంటే మనదే."

ఫిలిప్ మంచం మీద నుంచి లేచి డ్యూటీకి చొక్కా తొడుక్కున్నాడు.

ఊరుకోనిది మాబున్ని. జాస్మిన్‌ను ఆటోలో ఎక్కించిన రోజే కాలుష్యం ఆఫీసుకు ఫోను చేసింది. వస్తామన్నారు, చెప్పిన రోజు జీపులో వచ్చారు కూడా. వాళ్లొచ్చే సంగతి ఫ్యాక్టరీకి ముందే తెలిసింది. ఆ రోజు లోపల పని సగానికి తగ్గించారు, పొద్దున్నుంచి టవరు మోటార్లు ఆగలేదు. గొట్టం మూతి మీద కాకి వచ్చి వాలింది. సాయంత్రం రాహేలవ్వ వాకిట్లో చేతులు చాచి నిలబడితే పట్టుకునేందుకు ఏమీ రాలేదు.

"జీపు వచ్చినప్పుడల్లా దీనికి పెండ్లికూతురి సిగ్గు పుడతాది," అంది మాబున్ని.

ఆఫీసరు మంచివాడే. ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. రాహేలవ్వ అతన్ని లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, ట్రంకు పెట్టె మూత తీసి చూపించింది. అంచుల దాకా నిమ్మపండు రంగు మడతలు. అతను ఒక మడతను వేలితో తాకి, వేలు వాసన చూసి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఉంది, శానానే ఉంది. కానీ దీని మీద మా సీలు ల్యాదవ్వా," అన్నాడు. "మేము పట్టి, మేము సీలు వేసిందే లెక్కకు వస్తాది. ల్యాకుంటే వాళ్ల గేటు కాడ ఎర్ర అంకెల బోర్డు ఉంది చూడు, అది హద్దు దాటితే మాకు ఆఫీసులోనే తెలుస్తాది. అప్పుడు మీరు పిలవకున్నా నోటీసు పట్టుకుని వస్తాం."

"అది ఎప్పుడూ మంచిదే చెప్తాది సార్," అంది జాస్మిన్. "పండగలో చుట్టం మాదిరి."

ఎందుకు చెబుతుందో ఫిలిప్‌కు తెలుసు. గొట్టంలోని గాలిని పీల్చి చూడాల్సిన మీటరు ముక్కును గొట్టంలోంచి తీసి, కిటికీ పక్కన మంచి గాలిలో పెట్టారు. అతను వచ్చి ఆఫీసరుతో లోపలి సంగతి చెబుతాడేమోనని జాస్మిన్ వాకిలి వైపు చూసింది. జీపు పోయేదాకా అతను ఫ్యాక్టరీ నుంచి రాలేదు. మరుసటి సాయంత్రం పొగ మామూలుగా వచ్చింది.

పులివెందులలో ఇల్లు కుదిరింది. జాస్మిన్ గిన్నెలు గోనెసంచుల్లో కట్టడం మొదలుపెట్టింది. అరలో ఉండాల్సిన చెంబు అరలో లేకపోయేసరికి రాహేలవ్వ చాలాసేపు ఆ అర ముందరే నిలబడింది.

కోత పండగ వచ్చింది. ఆ రోజు కాలనీ చర్చికి ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెస్తారు. చెనక్కాయ మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, సింహాద్రిపురం చుట్టాలు పంపిన చీనీకాయల బుట్టలు. ఆరాధన ముగిశాక వాటిని చర్చి ముందర వేలం వేస్తారు. అది బజారు వేలంలాంటిది కాదు. ఒక్క సొరకాయ కోసం పదిమంది పోటీపడి కోడి ధర దాకా తీసుకుపోతారు, అందులోనే గొప్ప. పాడుకున్నవాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోయి వాడుకోవాలి. వాపసు ఇవ్వడం, ఇంకొకరికి అంటగట్టడం, పారెయ్యడం పనికిరాదు. దేవునికిచ్చిన వస్తువది. అందరిలో పెద్ద వయసామె తెచ్చింది ఆఖర్లో వేలానికి వస్తుంది. వచ్చిన అతిథి దాన్ని పాడుకోవడం మర్యాద.

ఆ ఏడు అతిథి శరత్ చంద్ర. చర్చికి సున్నం కొట్టించాడని పిలిచారు. బ్లీచింగు ఫ్యాక్టరీ అతనిదే. లక్ష్మీనరసయ్య సెట్టి మనవడు. సెట్టి పోయాక బట్టల అంగడి మూసేసి ఫ్యాక్టరీ పెట్టాడు. చిన్నప్పుడు అతను అంగట్లో చీరల గుట్ట మీద నిద్రపోతే, రాహేలవ్వ మెల్లగా ఎత్తి పక్కన పడుకోబెట్టి ఆ చీరలు మడిచేది.

పండగ పొద్దున రాహేలవ్వ ఏం తీసుకుపోవాలో తేల్చుకోలేకపోయింది. ఏటా మునక్కాయలు తీసుకుపోయేది. ఆ చెట్టు పొగకు మోడైపోయింది.

"టెంకాయలు కొనుక్కొస్తాలే అత్తా," అంది జాస్మిన్.

"కొనుక్కొచ్చింది పంట ఎట్లవుతాదే? మన వాకిట్లో పండింది పెట్టాల."

పెట్టె తెరిచి, పైనున్న మడత తీసి, తెల్లటి గుడ్డలో చుట్టింది. జాస్మిన్ చూసి, గుడ్డ కొసలు ముడేసి ఇచ్చింది. ఆ వాకిట్లో ఆ ఏడు వేరే ఏమీ పండలేదు మరి.

వేలం పాడించేది జాన్సన్. అతను మైకు పట్టుకుంటే పెండ్లికి బ్యాండు పిలవక్కరలేదు. "చూడండప్పా ఈ పుంజును! ఇది కూస్తే ఆడ జమ్మలమడుగులో లేస్తారు. ఏం మామా, జేబులో చెయ్యి పెట్టి గోక్కుంటాండావు? బయటికి తియ్!" అని అందరినీ కదిలించి, ఆఖరికి తెల్లగుడ్డ మూట ఎత్తి చూపించాడు. "ఇది మన రాహేలవ్వ వాకిట్లో పండింది. మైదుకూరు సంతలో గూడా దొరకదు. ఆలోచించి పాడండి!"

జనం నవ్వారు. అందులో ఏముందో అందరికీ తెలుసు. శరత్ చంద్రకూ తెలుసనే అనుకున్నారు. పొగ ఆయనదే కదా.

శరత్ చంద్ర మూట అంచు తొలగించి చూశాడు. నిమ్మపండు రంగు, అంచుకు అంచు కలిసిన మడత, పైకి పెట్టిన కొంగు. ముఖమంతా మెత్తబడింది.

"ఇది మా తాత అంగడి మడత!" అన్నాడు.

ఫిలిప్ జనంలోంచి ముందుకు వచ్చాడు. "సార్, అది..."

"నాకు చెప్పాల్నా ఫిలిప్? చిన్నప్పుడు వీటి మీదనే కదా పండుకుంటాంటి!"

పాట ఆయనే ఎత్తుకున్నాడు. పోటీ ఎవరూ రాకపోయినా ఆయనే పెంచుకున్నాడు. జాన్సన్ చప్పట్లు కొట్టించాడు. రాహేలవ్వ రెండు చేతులతో మూట అందించి, "పైలం నాయనా. విప్పితే మళ్లా మడిచేది కష్టం," అంది.

"విప్పకుంటే ఎట్లవ్వా? మా ఇంటామె కట్టుకోవాల కదా."

చర్చి మెట్ల మీద మాబున్ని జాస్మిన్ చెవిలో, "ఈయప్పకు నిజంగా తెలీదా ఏందే?" అంది.

మరుసటి పొద్దున కాలనీలోకి కారు వచ్చింది. అవ్వను పంపమని డ్రైవరు దండం పెట్టాడు. రాహేలవ్వ అంగడికి ఆలస్యమైందేమోనని కంగారుగా ఎక్కింది. జాస్మిన్ తోడు వస్తానంటే ఫిలిప్ ఆపి తానే వెళ్లాడు.

ప్రొద్దుటూరులో ఆ ఇంటి వరండాలో శరత్ చంద్ర భార్య శిల్ప తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేనా రాహేలవ్వ? రా అవ్వా. తాత కాలం చీర అని తెచ్చి చేతిలో పెట్టినాడు ఈయన. భుజం మీద వేసుకుని చూద్దామని విప్పితిని. అంతే."

హాలు నిండా పొగ పరుచుకుని ఉంది. సోఫాల మీద, దేవుడి పటాల మీద, కిటికీ కడ్డీల మీద చీరలు ఆరేసినట్టు వేలాడుతోంది. తలుపులన్నీ తెరిచారు, ఫ్యాన్లు వేశారు. అది ఆ ఇంటి నుంచి కదలడం లేదు.

"బయటికి పోనంటాంది. పాడి తెచ్చుకుంటిమి కదా, మాదైపాయె," అంది శిల్ప.

రాహేలవ్వ లోపలికి పోయి అంచు వెతికి పట్టుకుంది. వాకిట్లో మడిచినట్టు గడ్డం కింద పెట్టుకుంటే సరిపోలేదు. విప్పేసరికి ఎంత పొడవైందో, అవతలి కొస దేవుడి గదిలో ఉంది.

"ఒక్కదాన్తో అయ్యేది కాదు. ఆ కొస పట్టుకో నాయనా," అంది.

శరత్ చంద్ర పట్టుకున్నాడు.

"వదులుగా పట్టుకోగాకు. బిగించు. అదీ. ఇప్పుడు నా కాడికి రా."

ఇద్దరూ ఎదురెదురుగా నడిచి వచ్చి అంచులు కలిపారు. వెనక్కి పోయి, లాగి, మళ్లీ దగ్గరికి వచ్చారు. అంగట్లో పెద్ద పంచెల తాన్లు అట్లాగే మడిచేవాళ్లు. దగ్గరికి వచ్చిన ప్రతిసారీ శరత్ చంద్ర దగ్గాడు. కళ్లలో నీళ్లు కారుతున్నా రెండు చేతులూ మూలల మీద ఉండటంతో తుడుచుకోలేకపోయాడు. గడప కాడ నిలబడిన ఫిలిప్ తల వంచుకున్నాడు.

మడత సగమయ్యాక రాహేలవ్వ ఆగిపోయింది. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో జారిపోయింది. ఆ నుదురు, ఆ ముక్కు చూసింది. అవి అంగట్లో గద్దె మీద కూర్చునే మనిషివే.

"సెట్టీ, ఈ సరుకు యాడ్నుంచి తెప్పించినావు?" అని అడిగింది. "ఇంత రోత గుడ్డ మన అంగట్లో ఎప్పుడూ ల్యాకపాయె. రంగు మంచిదే గాని ఒంటికి పడదు. నా కోడలికి అసలే పడదు."

శరత్ చంద్ర ఫిలిప్ వైపు చూశాడు, శిల్ప వైపు చూశాడు.

"నేనే నేయించినా," అన్నాడు.

"చాలించు మరి."

అంత మామూలుగా చెప్పి, చేతిలోని మూల ఏదో గుర్తొచ్చి, మడత ముందుకు సాగించింది. ఇంక ఆగలేదు.

హాలు తెరిపిన పడింది. ఆఖరి మడత వేయబోతుంటే శిల్ప ముక్కు మీది గుడ్డ తీసేసి, "అంతా మడవగాకు అవ్వా. ఒక పొర ఉంచు," అంది.

"ఏంటికమ్మా?"

"ఈయన కుర్చీ మీద పరుచు. దేవునికిచ్చింది ఇంట్లో వాడుకోవాలంట కదా. వాడుకుంటాడు."

శరత్ చంద్ర నవ్వాడు. శిల్ప నవ్వలేదు. రాహేలవ్వ ఒక పొర విడదీసి, చుట్టాలు వచ్చినప్పుడు కుర్చీ మీద తువ్వాలు పరిచినట్టు శుభ్రంగా పరిచి, అంచులు దోపింది. మిగతాది ఆ ఇంటి బీరువాలోనే పెట్టి కారెక్కింది.

ఆ పొర పగలంతా కుర్చీని అంటుకుని ఊరికే పడి ఉండేది. సాయంత్రం ఫ్యాక్టరీలో టవరు మోటార్లు ఆగాయంటే లేచి శరత్ చంద్ర మెడ చుట్టూ శాలువలా వచ్చి పడేది. కుర్చీ మార్చి చూశాడు. మేడ మీదికి పోయి చూశాడు. పని ఉందని పోయి కడపలో హోటల్లో ఉండి చూశాడు. అక్కడికీ వచ్చింది. పాడుకున్నది ఆయనే మరి. శిల్ప అన్నం వడ్డించి అవతల కూర్చుని చూసేది.

"ఫిలిప్, టవరు ఆడతాందా?" అని ఒక సాయంత్రం ఫోను వచ్చింది.

"ఆపినాం సార్. మీరు ఆపమంటిరి కదా."

అవతల చాలాసేపు దగ్గు. "ఎయ్. ఇంక ఎవరు చెప్పినా ఆపొద్దు. నేను చెప్పినా ఆపొద్దు."

ఫిలిప్ స్విచ్చి వేశాడు. వేసి, అక్కడే నిలబడి, ఫోను పెట్టెయ్యకుండా, "సార్, మీటరు ముక్కు కిటికీ కాడ ఉంది. గొట్టంలో పెట్టమంటారా?" అని అడిగాడు.

"పెట్టు," అన్నాడు శరత్ చంద్ర.

గేటు కాడి బోర్డు మొదటిసారి నిజం చెప్పింది. ఒక్క టవరు ఎంత ఆడినా ఆ గ్యాసుకు సరిపోదని బయటపడింది. అంకెలు హద్దు దాటాయి. ఆఫీసరు అన్న మాట ప్రకారం, ఎవరూ పిలవకుండానే నోటీసు పట్టుకుని జీపులో వచ్చాడు. "ఇన్నేండ్లు బోర్డు అబద్ధం చెప్తాంటే ఒక్క కాయితమూ రాకపాయె. నిజం చెప్తానే నోటీసా?" అని మేనేజరు మొత్తుకున్నాడు. శరత్ చంద్ర నోటీసు తీసుకుని, పని కొన్నాళ్లు ఆపించి, రెండో టవరు కట్టించాడు. కట్టేదాకా దగ్గుతూనే ఉన్నాడు.

కాలనీలోకి వచ్చే పొగ తానంత ఉండేది తువ్వాలంత అయింది. తువ్వాలంత ఉండేది చేతిరుమాలంత అయింది. పులివెందుల ఇల్లు వద్దని జాస్మిన్ అన్నకు ఫోను చేసింది. గోనెసంచులు విప్పి గిన్నెలు అరల్లో సర్దింది, ఏది ఎక్కడుండేదో అక్కడే, ఒక్క గరిటె కూడా చోటు మార్చకుండా. ఆదివారం చర్చిలో రెండో చరణం కూడా పాడింది. మూడోదానికి ఇంకా రాలేదు.

ఒక సాయంత్రం రాహేలవ్వ ఎప్పటిలాగే వాకిట్లోకి వచ్చి చేతులు చాచింది. ఏమీ రాలేదు. చేల మీదినుంచి ఉత్త చలిగాలి వచ్చింది. ఎవరో చెనక్కాయలు కాలుస్తున్న వాసన వచ్చింది. చేతులు దించకుండా అట్లే నిలబడింది. దేనికోసం నిలబడిందో తెలియలేదు. మాబున్ని అటుగా పోతూ, "ఈ పొద్దు సెలవా అవ్వా?" అంటే, సెలవేమోనని తల ఊపింది.

లోపలి నుంచి జాస్మిన్ వచ్చి ఆమె పక్కన నిలబడి, కాసేపు ఊరికే గాలి పీల్చుకుంది. నిండుగా, చప్పుడు లేకుండా.

రాహేలవ్వ ఆమె ముఖంలోకి చూసింది. "ఎవరమ్మా నువ్వు?"

"నేనే అత్తా, జాస్మిన్ను. నీ కోడల్ని."

రాహేలవ్వ తల అడ్డంగా ఆడించింది. "నా కోడలు దగ్గుతుంటాది. దగ్గు ఇనపడితే ఇంట్లో యాడుందో చెప్తా నేను. నువ్వు దగ్గల్యా."

జాస్మిన్ ఒక్కసారి దగ్గితే సరిపోయేది. నోటి దాకా వచ్చిన దాన్ని మింగేసింది. ఆ దగ్గును మళ్లీ తెచ్చుకోవాలని ఆమెకు అనిపించలేదు.

"దగ్గను," అంది. "నేను కొత్తగా వచ్చినా."

"అట్లనా? మంచిది. ఆ పిల్లకు ఒంట్లో బాగల్యాదు, నువ్వుంటే పనికి సాయముంటాది." రాహేలవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంటివైపు తిరిగి, చూసుకోకుండానే మెట్టెక్కి, చూసుకోకుండానే తలుపు రెక్క నెట్టింది. "రా లోపలికి. ఈడ గడప ఎత్తు, కొత్తవాళ్లు తట్టుకుంటారు. నా చెయ్యి వదలగాకు, నాకు ఇల్లంతా తెలుసు."